కృతజ్ఞతల పేజీ

విద్యార్థులు రాసుకొచ్చిన వ్యాసాల్లో ఏ వాక్యం ఎవరిదో పట్టుకోవడంలో ఆమెని మించినవాళ్ళు ఆ కాలేజీలో లేరు. రెండు పేరాలు చదివి, "ఇది నీది కాదు, నీ వెనక బెంచీ వాడిది. వాడిది కూడా కాదు, వాళ్ళన్నది" అని తేల్చేసేది. నూటికి తొంభైసార్లు అది నిజమే అయ్యేది. మిగతా పదిసార్లు ఏడ్చిన పిల్లల సంగతి ఆమె పెద్దగా పట్టించుకోలేదు. ఆవలిస్తే పేగులు లెక్కపెడుతుందని చెప్పుకుని, పిల్లలు ఆమెకి భూతద్దం అని పేరు పెట్టారు. అది చెవిన పడ్డప్పుడు పైకి మూతి ముడుచుకుంది గానీ లోలోపల మురిసిపోయింది. అందుకే వేసవి శిక్షణ మొదటిరోజున, ఇరవైమంది లెక్చరర్లు గుండ్రంగా కూర్చుని ఎవరి గురించి వాళ్ళు చెప్పుకుంటున్నప్పుడు, ఆ ముచ్చట తనంతట తనే బయటపెట్టింది. అందరూ నవ్వారు. ఆ పూట నుంచి అక్కడ కూడా ఆమె భూతద్దమే.

ఆ శిక్షణ రెండు వారాలు. తత్వశాస్త్రం పాఠాల్లో ఆడవాళ్ళు ఎందుకు కనబడరు, ఉన్నవాళ్ళ గురించి క్లాసులో ఎలా చెప్పాలి అన్నది విషయం. వచ్చిన ప్రతివాళ్ళూ ఎవరో ఒక మహిళా తత్వవేత్త మీద ఒక పాఠం తయారుచేసుకుని రావాలి. చివరిరోజున అందులోంచి మూడు పాఠాలు ఏరి పుస్తకంగా వేస్తారు. ఆ పుస్తకం అన్ని కాలేజీలకీ వెళ్తుంది.

భూతద్దానికి ఆ మూడింట్లో ఒకటి కావాలి. పేరు కోసం కాదు, బతుకు కోసం. పదకొండేళ్ళుగా ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. కాలేజీ తెరిచేముందు కాగితం చేతికొస్తుంది, మూసేముందు సెలవు చెప్పి పంపేస్తారు. ప్రతి ఏడూ ఆ మధ్య రెండు నెలలు ఆమెకి కంటి మీద కునుకుండదు. ఈసారి ప్రిన్సిపాల్ పిలిచి, "మీ పాఠం ఆ పుస్తకంలో రానివ్వండమ్మా, మీ ఒక్కరి పేరుతో. దాన్ని పట్టుకుని నేను కమిటీలో మాట్లాడతాను. పర్మినెంటు చేయించే పూచీ నాది" అన్నాడు. మీ ఒక్కరి పేరుతో అన్న మాట ఆయన రెండుసార్లన్నాడు.

అంచేత ఆమె ఆ హాస్టల్ గదిలో అడుగుపెట్టినప్పుడే అనుమానాన్ని కూడా సామానుతో పాటు దించుకుంది. గదిలో రెండు మంచాలు. రెండో మంచం మీద ఎర్ర ఫ్రేము కళ్ళద్దాలావిడ అప్పటికే దుప్పటి పరుచుకుని కూర్చునుంది. మరో ఊరి కాలేజీలో లెక్చరర్. మాట మెత్తన. ఆ మెత్తదనమే భూతద్దానికి నచ్చలేదు.

"మీరు చెప్పబోయే ఆవిడ ఉత్తరాలు ఇంకా అచ్చు కాలేదటగా? ఆ పాత చేతిరాత ఎవరు చదివారండీ?" అని అడిగింది ఎర్ర కళ్ళద్దాలు, చెప్పులైనా విప్పనివ్వకుండా.

"నేనే. మా అక్క కాస్త సాయం చేసింది."

"రికార్డు గదుల్లో దుమ్ము చాలా ఉంటుంది. ఎలా భరించారో!"

"నేనా గడప తొక్కితే ఒట్టు. దుమ్ము నాకస్సలు పడదు. మా అక్క అక్కడ గుమాస్తా. లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు కదా, ఆఫీసు మిషన్ మీద జిరాక్స్ తీసి పంపింది" అంది భూతద్దం. అని, ఎక్కువ మాట్లాడానేమో అనిపించి, సూట్‌కేసుకి తాళం వేసింది. తాళంచెవి పర్సులో వేసుకుంది, పర్సు భుజాన తగిలించుకుంది, స్నానానికి వెళ్తూ పర్సు కూడా పట్టుకెళ్ళింది.

ఆ ఉత్తరాల సంగతి నిజంగానే ముచ్చటైనది. రెండువందల ఏళ్ళ కిందట ఒక దీపాల వర్తకుడి భార్య ఒక పండితుడికి నలభై ఒక్క ఉత్తరాలు రాసింది. పండితుడి జవాబులు పుస్తకంగా అచ్చయ్యాయి, ఆయన గొప్పవాడైపోయాడు. ఆవిడ రాసినవి మాత్రం పండితుడి ఇంటి నుంచి వెనక్కొచ్చి, ఆవిడ పోయాక కొడుకులు దుకాణం వాటాల కోసం వేసుకున్న దావా కట్టలో సాక్ష్యం కింద పడి ఉండిపోయాయి. అక్క ఆ కట్ట తాడు తెగిపోతే కొత్త తాడు కడుతూ చూసింది. అంతకుముందు ఇన్నేళ్ళలో ఆ కట్ట ఎంతమంది చేతుల్లో పడిందో, ఎవరూ చదవలేదు.

ఉత్తరాలన్నిట్లోకీ పదిహేడోది ప్రాణం. "నూనె జాడీ నిండుగా ఉందని నా భర్త అంటే, మూత తీయకుండా నమ్ముతాను. ఇది నాకు తెలిసినట్టా, తెలియనట్టా?" అని మొదలుపెడుతుంది. చూడకుండా నమ్మడం సోమరితనం కాదు, అలా నమ్మకపోతే నలుగురూ ఒక ఇంట్లో ఉండలేరు అంటుంది. సగం దాకా వచ్చాక మాట మారుస్తుంది. ఎప్పుడూ అందరూ నమ్మే మనిషి, ఇక తను మూత తీసి చూసుకోవడం మానేస్తాడు, కాబట్టి నా నమ్మకం వల్ల నష్టపోయేది నాకంటే ముందు అతనే అంటుంది. ఈ మార్పు మీదే భూతద్దం పాఠమంతా కట్టింది. మొదటిరోజు పిల్లలు సగం చదివి తమ అభిప్రాయం రాయాలి. రెండో సగం మర్నాడు గానీ ఇవ్వకూడదు. ఎందుకంటే ఆ ఉత్తరం రాసినావిడ కూడా ఒక రాత్రి గడిచాకే మనసు మార్చుకుంది. పాఠం కింద నోటులో అదే ఉంది: పదకొండో వరుస నుంచి సిరా గోధుమరంగు పోయి నలుపు వచ్చింది, అంటే ఆమె అక్కడ ఆగి, మర్నాడు మళ్ళీ మొదలుపెట్టింది.

ఇదంతా భూతద్దం తన పనే అనుకుంది. టైపు చేసింది తను, నోట్లు పెట్టింది తను, ప్రశ్నలు రాసింది తను. అయిదు నెలలు, శనివారం రికార్డు గదిలో కూర్చుని రాసుకున్నది ప్రతి ఆదివారం పొద్దున అక్క ఫోన్లో చదివేది, ఈమె టైపు చేసేది. మధ్యమధ్య అక్క ఏదో ఒకటి అంటూ ఉండేది, అందులో పనికొచ్చేవి పాఠంలోకి వచ్చేవి. మాటల్లో వచ్చినవాటికి లెక్కలేమిటి? చివర ఒక వాక్యం పెట్టింది కూడా: ఓపికగా చదివి వినిపించిన మా అక్కకి ధన్యవాదాలు.

శిక్షణ నడిపే డైరెక్టరమ్మ తలపండిన మనిషి. ఆవిడ పద్ధతులు రెండు. మొదటిది, కవర్ల పద్ధతి. మొదటిరోజే ఒక్కొక్కరికీ ఒక అంటించిన కవరు ఇచ్చింది. అందులో తోటివాళ్ళలో ఒకరి పాఠం ఉంటుంది. దాన్ని చాటుగా పరీక్షించాలి, ఆధారాలు వెతకాలి, కావలిస్తే ఫోన్లు చేసి కనుక్కోవాలి. ఎవరు ఎవరిని పరీక్షిస్తున్నారో చివరిదాకా చెప్పకూడదు. భూతద్దం కవర్లో ఇరవైమందిలో ఉన్న ఒకే ఒక్క మగ లెక్చరర్ అయిన గడ్డం ఆయన పాఠం వచ్చింది. ఆమె దాన్ని విందుభోజనంలా అందుకుంది. రెండురోజుల్లో రెండు గ్రంథాలయాలకి ఫోన్లు చేసింది, ఆయన టీ తాగడానికి వెళ్ళినప్పుడు ఆయన బల్ల మీది పుస్తకాలు తిరగేసింది, ఆయన చెప్పిన పుట నంబరు ఒకటి తప్పని పట్టుకుని ఆ పూటంతా గాల్లో తేలింది.

రెండో పద్ధతి పేరు కృతజ్ఞతల పేజీ. రోజూ పొద్దున టీ అయ్యాక ఏదో ఒక పుస్తకంలోంచి కృతజ్ఞతలు చెప్పుకున్న పేజీ తెర మీద వేస్తారు. పేర్లూ చుట్టరికాలూ నల్లగా కొట్టేస్తారు. "నా రాతప్రతిని ఎనిమిదిసార్లు తిరగరాసి, తప్పులు సరిచూసి, అనుక్రమణిక తయారుచేసిన నా ----కి" అని ఉంటుంది. డైరెక్టరమ్మ అప్పుడు మూడు ప్రశ్నలు వేస్తుంది. పని ఎవరు చేశారు? పేరు ఎవరిది పడింది? మీకెలా తెలిసింది? ఆడవాళ్ళ తత్వం ఎక్కడికీ పోలేదు, చాలావరకు ఈ పేజీల్లోనే నక్కి ఉంది అని ఆవిడ నమ్మకం.

ఈ ఆటలో భూతద్దానికి ఎదురే లేదు. మూడోరోజున ఒక పేజీ చూసి, "ఈయనకి ఆ భాష రాదండీ. మూలంలోంచి తీసిన వాక్యాలన్నీ రెండో అధ్యాయంలోనే ఉన్నాయి, థ్యాంక్స్ చెప్పింది కూడా రెండో అధ్యాయానికే. ఆ అధ్యాయం ఇంకెవరో రాశారు. ఈయన దర్జాగా దొంగతనం చేసి, పైన ఒక ధన్యవాదం పడేశాడు" అంది. చప్పట్లు కొట్టారు. గడ్డం ఆయన నోరు వెళ్ళబెట్టి, "మీతో జాగ్రత్తగా ఉండాలి మేడమ్" అన్నాడు. తర్వాత నుంచి అందరూ ఆమెలాగే చూడడం నేర్చుకున్నారు.

అయిదోరోజు మధ్యాహ్నం భూతద్దం నకళ్ళ గదిలోకి వెళ్ళేసరికి మిషన్ ట్రేలో ఒక కాగితం పడి ఉంది. పదిహేడో ఉత్తరం. తన పాఠానికి చివర జతచేసిన పేజీ. ఎవరో నకలు తీసుకుని అసలు మర్చిపోయి వెళ్ళారు. అంతలో ఎర్ర కళ్ళద్దాలు గబగబా వచ్చింది, "అయ్యో, నాదే" అని కాగితం లాక్కున్నంత పనిచేసి వెళ్ళిపోయింది.

తన పేజీ ఈవిడకెందుకు అని భూతద్దానికి అనుమానం మొదలైంది. సాయంత్రం గదిలో మామూలుగా అడిగినట్టు అడిగింది.

"ఇంతకీ మీ కవర్లో ఎవరొచ్చారు?"

"చెప్పకూడదు కదండీ."

"మనిద్దరి మధ్యేగా."

ఎర్ర కళ్ళద్దాలు ఒక్క క్షణం తటపటాయించి, "గడ్డం ఆయన" అంది.

గడ్డం ఆయన పాఠం భూతద్దం పర్సులోనే ఉంది. అంటే ఈవిడ మొహం మీదే అబద్ధమాడుతోంది. ఎందుకు ఆడుతోంది? తన పాఠం కొట్టేస్తోంది కాబట్టి. ఇంకో జవాబు ఉండొచ్చని, ఈవిడ కవర్లో తన పాఠమే ఉండొచ్చని, అది చెప్పలేకే నోటికొచ్చిన పేరు చెప్పి ఉంటుందని, ఊరందరి అబద్ధాలూ విప్పగల ఆ తలకి తట్టనే లేదు. దొంగని పట్టుకున్న ఆనందంలో మనిషి లెక్కలు అలాగే ఉంటాయి.

ఆ తర్వాత ప్రతిదీ సాక్ష్యమే అయింది. ఎర్ర కళ్ళద్దాలు వరండా చివరికి వెళ్ళి ఫోన్ మాట్లాడితే సాక్ష్యం. తను రాగానే నోట్‌బుక్ మూసేస్తే సాక్ష్యం. డైరెక్టరమ్మతో మెట్ల దగ్గర గుసగుసలాడితే, ఆవిడ కూడా ఇందులో ఉందన్నమాట. ఒకరోజైతే ఎర్ర కళ్ళద్దాలు ఆమెకి టీ తెచ్చి ఇచ్చింది. భూతద్దం ఆ టీ తాగింది గానీ, ఎందుకు తెచ్చిందా అని చివరి గుక్క దాకా ఆలోచించింది.

ఎనిమిదోరోజు పొద్దున్నే అక్కకి ఫోన్ చేసింది.

"అక్కా, నా పాఠం గురించి నీకెవరైనా ఫోన్ చేశారా?"

"ఎవరో ఒకావిడ చేసిందే. మీ శిక్షణ నుంచేనట. నా నంబరు ఆఫీసుకి ఫోన్ చేసి తీసుకుందిట. మంచావిడలాగే ఉంది."

"ఎంతసేపు మాట్లాడింది?"

"గంట పట్టింది. పదిహేడో ఉత్తరం గురించే అంతా."

"గంటా! ఏం చెప్పావు?"

"చెప్పాల్సింది చెప్పాన్లే. నువ్వు కంగారుపడకు. తింటున్నావా వేళకి?"

భూతద్దం ఫోన్ పెట్టేసి మంచం మీద కూలబడింది. ఒళ్ళు మండిపోయింది. ఎర్ర కళ్ళద్దాల మీద సగం, అక్క మీద సగం. ఎవరు పడితే వాళ్ళు అడిగితే గంటసేపు కడుపులో ఉన్నదంతా కక్కేయడమేనా? రికార్డు గదిలో పగలంతా మాట్లాడే మనిషి లేక, ఒకరు దొరికేసరికి పొంగిపోయి ఉంటుంది. ఆ పొంగులో, అదంతా నేనే చదివాను, నేనే కనిపెట్టాను అని గొప్పలు కూడా పోయి ఉంటుంది. ఆ ఆలోచన భూతద్దానికి నచ్చలేదు. దాన్ని ఎక్కువసేపు చూడకుండా లేచి నిలబడింది.

తిన్నగా డైరెక్టరమ్మ గదికెళ్ళి రెండు పేజీల ఫిర్యాదు బల్ల మీద పెట్టింది. తేదీలతో, వేళలతో, నకళ్ళ మిషన్ దగ్గర కాగితం దొరికిన సంగతితో సహా. డైరెక్టరమ్మ మొత్తం చదివి కళ్ళద్దాలు తీసింది.

"పని ఎవరిదన్న తగాదా వస్తే ఇక్కడొక పద్ధతుందమ్మా. ఇద్దరి కాగితాలూ పేర్లు తీసేసి రేపు తెర మీద వేస్తాను. ఇరవైమందీ చూస్తారు. నీకు అభ్యంతరమా?"

"నాకెందుకండీ అభ్యంతరం? వేయండి" అంది భూతద్దం.

"ఒకసారి ఆలోచించుకో."

"ఆలోచించేదేం లేదండీ. కుండ బద్దలు కొట్టినట్టు తేలిపోవాలి."

మర్నాడు ఆమె ముందు వరుసలో కూర్చుంది. ఎర్ర కళ్ళద్దాలు వెనకెక్కడో కూర్చుంది. మొదటి కాగితం తెర మీదికొచ్చింది. అది పాఠం కాదు. ఎవరి పాఠాన్నో చాటుగా పరీక్షించినవాళ్ళ నివేదిక. పదకొండు ప్రశ్నలు, కింద ఖాళీలు. ఒక్క వాక్యం కూడా ఎక్కడి నుంచీ ఎత్తింది కాదు. "ఇది కవరు పని, అంతే. ఇందులో దొంగతనమేముంది?" అన్నారెవరో. భూతద్దానికి అప్పుడు అర్థమైంది, ఎర్ర కళ్ళద్దాల కవర్లో వచ్చింది ఎవరో. పప్పులో కాలేశానని తెలిసింది. ఫరవాలేదు, క్షమాపణ చెప్పేస్తే పోతుంది అనుకుంది.

అప్పుడు రెండో కాగితం వచ్చింది. ఆమె పాఠం. పదిహేడో ఉత్తరం, సిరా నోటు, జిరాక్స్ బొమ్మ. చివర: ఓపికగా చదివి వినిపించిన మా ----కి ధన్యవాదాలు.

"పని ఎవరు చేశారు?" అంది డైరెక్టరమ్మ, రోజూ అడిగినట్టే.

గడ్డం ఆయన ముందుకి వంగాడు. పాపం ఆయనకేమీ తెలీదు. భూతద్దం నేర్పిన ఆటే ఆడుతున్నాడు.

"ఈ నోటు చూడండి. గోధుమరంగు సిరా పోయి నల్ల సిరా వచ్చిందిట. కింద పెట్టిన నకలు నలుపు తెలుపు. ఇందులో అంతా ఒక్కలాగే ఉంది. దీన్ని చూసి సిరా మారిందని ఎవరూ చెప్పలేరు. చెప్పినవాళ్ళు అసలు కాగితం చూశారు. అసలు చూసినవాళ్ళయితే ఇంకొకరు చదివి వినిపించక్కర్లేదు. కాబట్టి చూసింది ఒకరు, ఇది రాసింది ఒకరు."

"ఇంకా?"

వెనక నుంచి ఇంకొకావిడ అందుకుంది. "పాఠాన్ని రెండురోజులు చేయడమన్నదే ఇందులో కొత్త సంగతి. అదంతా సిరా మీదే నిలబడింది. సిరా తీసేస్తే ఇందులో మిగిలేది టైపింగే."

కొంతమంది నవ్వారు. భూతద్దం నవ్వలేదు. తెర మీద చూపు నిలబెట్టి కుక్కిన పేనులా కూర్చుంది.

"పేరు ఎవరిది పడింది?"

"వినిపించుకున్నవాళ్ళది" అన్నాడు గడ్డం ఆయన. "దర్జాగా దొంగతనం చేసి, పైన ఒక ధన్యవాదం పడేశారు. మన భూతద్దం మేడమ్ అన్నట్టు." అని ఆమె వైపు తిరిగి మెచ్చుకోలుగా తల ఊపాడు.

డైరెక్టరమ్మ తెర ఆపేసింది. "ఈ కాగితం ఎవరిదో నేను చెప్పను, మీరు అడగొద్దు. పేర్లుండే మొదటి పేజీ ఎవరైనా సరే సాయంత్రం అయిదు దాకా మార్చుకోవచ్చు. మార్చినా మార్చకపోయినా నేనేం అనను" అంది.

భూతద్దం భోజనానికి వెళ్ళలేదు. గదిలో మంచం మీద కూర్చుంది. సిగ్గుతో ఒళ్ళంతా చీదరగా ఉంది. అంతకంటే ఎక్కువగా భయం. పేరు కలిపితే ప్రిన్సిపాల్ మాట పోతుంది. ఆయన రెండుసార్లన్న మాట. మళ్ళీ వచ్చే ఏడు కాగితం కోసం ఎదురుచూపులు, ఆ పై ఏడు మళ్ళీ. కలపకపోతే ఎవరికీ తెలీదు. డైరెక్టరమ్మా చెప్పదు, ఎర్ర కళ్ళద్దాలూ చెప్పదు.

ఎర్ర కళ్ళద్దాలు మెల్లగా తలుపు తోసుకుని వచ్చింది.

"మీరు నన్నే నేరుగా అడిగుండొచ్చుగా" అంది భూతద్దం, తలెత్తకుండా.

"అడిగానండీ. మొదటిరోజే. ఎవరు చదివారు అని. మీరు సూట్‌కేసుకి తాళం వేసుకున్నారు."

భూతద్దం ఒళ్ళో ఉన్న పర్సు పక్కకి తోసింది. "మా అక్క మీతో చెప్పేసిందన్నమాట. అదంతా తనదేనని" అంది. ఆ మాటలో ఇంకా కొంచెం నిష్ఠూరం మిగిలే ఉంది.

ఎర్ర కళ్ళద్దాలు ఆమెకేసి వింతగా చూసింది. "మీ అక్కగారు నాకేం చెప్పారో మీరు ఆవిడ్నే అడగండి" అని చెప్పి, తువ్వాలు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

నాలుగున్నరకి భూతద్దం కొత్త మొదటి పేజీ రాసింది. పేర్లు రెండు. అక్కది పైన, తనది కింద. ఉద్యోగం చేతిలోంచి జారిపోతున్నట్టు కళ్ళకి కట్టింది. అయినా మెట్లు దిగి వెళ్ళి ఆ కాగితం డైరెక్టరమ్మ బల్ల మీద పెట్టింది.

ఆవిడ చూసి, "అచ్చులో పేరు పడాలంటే వాళ్ళ నోటితో ఒప్పుకోవాలమ్మా. అది మా నియమం" అని, నంబరు అడిగి తీసుకుని, రాసుకోవడానికి వీలుగా ఫోన్ లౌడ్‌స్పీకర్లో పెట్టింది. అక్క ఎత్తింది. డైరెక్టరమ్మ తనెవరో చెప్పి, మీ చెల్లెలి పాఠంలో మీ పేరు కూడా వేయాలనుకుంటున్నాం, మీకు సమ్మతమేనా అని అడిగింది. భూతద్దం పక్కనే ఉన్నట్టు చెప్పలేదు.

"నా పేరా? అయ్యయ్యో, వద్దండీ" అంది అక్క. గొంతులో కంగారు. "మొన్న ఫోన్ చేసినావిడకి కూడా చెప్పాను. అదంతా మా చెల్లెలే చేసిందండీ. శనివారం శనివారం బస్సెక్కి వచ్చేది. కిటికీ దగ్గర బల్ల వేసుకుని కూర్చునేది. ఆ దుమ్ముకి పాపం ఒకటే దగ్గు. గుక్కెడు మంచినీళ్ళు తాగి మళ్ళీ కట్ట ముందేసుకునేది. సిరా మారిందని కనిపెట్టింది కూడా అదేనండీ. ఆ రోజు దాని ఆనందం చూడాలి! అక్కా, ఇలా రా, ఇది చూడు అని పిలిచి మరీ చూపించింది. నేను గుమాస్తానండీ, జిరాక్సులు తీసిచ్చాను, అంతే. దాని ఉద్యోగం సంగతి మీరు కాస్త చూడాలి."

భూతద్దం జీవితంలో కొన్ని వందల అబద్ధాలు పట్టుకుంది. తన కోసం ఎవరైనా ఆడిన అబద్ధం వినడం ఇదే మొదటిసారి. అందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదని ఆమెకి తెలుస్తూనే ఉంది. ఆ శనివారాలు అక్కవి. ఆ దగ్గు అక్కది. ఆదివారం పొద్దుట ఫోన్లో చదువుతూ మధ్యలో ఆపి దగ్గుతుంటే, "కానీ అక్కా, త్వరగా" అని తనే అంది. ఆ ఆనందమూ అక్కదే. "చెల్లీ, ఇక్కడ సిరా మారిందే, నాకెంత సంతోషంగా ఉందో తెలుసా" అన్న రోజున, "సర్లే, తర్వాతి వరుస చదువు" అని తనే అంది. ఇలా రా, ఇది చూడు అని పిలుద్దామంటే ఆ గదిలో అక్కకి మనిషి లేడు. అందుకే ఈ కథలో పిలుపందుకున్న మనిషిగా తను మారి, కనిపెట్టిన మనిషికి చెల్లెలి పేరు పెట్టింది. నిన్నటి నుంచీ ఆమె అనుమానించింది ఈ అక్కనే.

కళ్ళనీళ్ళు ఆగలేదు. తుడుచుకోవాలని కూడా తోచలేదు. ఫోన్ దగ్గరికి వంగింది.

"అక్కా, నేనే. ఇక్కడే ఉన్నాను."

"నువ్వా?" అంది అక్క.

"నేను ఆ గది గడప తొక్కలేదని ఇక్కడ నేనే చెప్పానక్కా."

"ఎందుకు చెప్పావే? నీ ఉద్యోగం ఏమవుతుంది?"

"ఏమవుతుందో నాకూ తెలీదు. ఆ కిటికీ ఏ పక్కనుంటుందో కూడా నాకు తెలీదక్కా. అది నువ్వే చెప్పాలి."

పైన ఫ్యాను తిరుగుతోంది. డైరెక్టరమ్మ కలం పట్టుకుని కదలకుండా కూర్చుంది.

"తూర్పు పక్క" అంది అక్క చివరికి. గొంతు తగ్గింది గానీ, కంగారు లేదు. "పదకొండింటి దాకా ఎండ నేరుగా బల్ల మీద పడుతుంది. అప్పుడు చూస్తేనే ఆ గోధుమరంగు తెలుస్తుంది. మధ్యాహ్నం చూస్తే రెండు సిరాలూ నల్లగానే ఉంటాయి."

డైరెక్టరమ్మ రాసుకోవడం మొదలుపెట్టింది.

"నేను మూడు శనివారాలు వరసగా చూశానండీ" అంది అక్క.